పునాదిలో బండ పడితే: తవ్వి తీసిన రాయిని ఏం చేయాలి

పునాది తవ్వకం మొదలైన రెండో రోజు జేసీబీ బకెట్ కింద కర్రుమని చప్పుడొచ్చి, బండి వెనక చక్రాలు ఓసారి పైకి లేచి పడ్డాయంటే కింద బండ ఉన్నట్టే. డ్రైవర్ ఇంజిన్ ఆపి మీ మొహం చూస్తాడు. మా ఇంటి పనిలో ఆ రోజు నేనేమన్నానంటే, "కొట్టి తీసెయ్యండి, అలా పక్కన పోసెయ్యండి." ఆ 'పక్కన' సరిగ్గా సెప్టిక్ ట్యాంక్ రావాల్సిన చోటు. మూడు నెలలకు అదే గుట్టను ఇంకో మూలకు జరిపించాను. ఆ మూలలో సంపు వచ్చింది. మళ్లీ జరిపించాను. బండ పగలగొట్టడానికైన ఖర్చు కంటే దాన్ని స్థలమంతా ఊరేగించడానికే ఎక్కువైంది.

కాబట్టి మీరు పట్టుకోవాల్సిన లెక్క ఒకటే. రాయిని ఒక్కసారే కదపాలి. అంటే అది నేలలోంచి పైకి రాకముందే ఎక్కడికి పోవాలో తేలిపోవాలి. కింద చెప్పే వరుసంతా అందుకోసమే.

1. అసలు ఆ బండను తీయాలా అని అడగండి

గట్టి బండ తగలడం పునాదికి మంచిదే. మట్టి మీద కూర్చున్న ఇల్లు కాస్తో కూస్తో దిగుతుంది, పగుళ్లు లేని గట్టి బండ మీద కూర్చున్నది దాదాపు దిగదు. డ్రాయింగులో ఐదడుగులని రాసి ఉంది కదా అని బండను కూడా ఐదడుగులు కొట్టించకండి. ఇంజనీరుకు ఫోటో పంపి ఊరుకోకుండా మనిషిని పిలిచి గుంతలోకి దింపండి. ఇక్కడే ఫుటింగ్ (పిల్లరు బరువును నేల మీద పరిచే కాంక్రీటు దిమ్మ) వేయొచ్చా, బండకు రంధ్రాలు వేసి కడ్డీలు దించాలా, ఇంటి లెవెల్‌ను అడుగు పైకి లేపితే ఎంత తవ్వకం తప్పుతుంది, ఈ మూడూ అడగండి. ఒక్కోసారి లెవెల్‌ను అడుగు లేపితే సగం రాయి నేలలోనే ఉండిపోతుంది. తీయని రాయిని ఎక్కడ పెట్టాలన్న బెంగే ఉండదు.

రెండు విషయాల్లో మాత్రం జాగ్రత్త. మొదటిది, మీకు కనిపించింది కిందంతా పరుచుకున్న బండా, లేక మట్టిలో కూరుకుపోయిన విడి గుండా? పైనుంచి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. చుట్టూ మట్టి తీయించి అంచులు చూడాలి, అవసరమైతే డ్రిల్లు దింపి కింద మట్టి తగులుతుందేమో చూడాలి. గుండు మీద ఫుటింగ్ వేస్తే ఇంటి బరువు ఆ గుండు కింది మట్టి మీదే పడుతుంది. రెండోది, ఇల్లు సగం బండ మీద, సగం మట్టి మీద వచ్చే పరిస్థితి. మట్టి వైపు దిగుతుంది, బండ వైపు దిగదు, ఆ రెండూ కలిసేచోట గోడ చీలుతుంది. దీనికి పరిష్కారాలున్నాయి, కానీ అవి ఇంజనీరు చెప్పాల్సినవి. మేస్త్రి "ఏం కాదు సార్" అన్నాడని వదిలేయకండి.

2. ఎంత రాయి వస్తుందో ముందే లెక్కగట్టండి

అందరూ బోల్తా పడేది ఇక్కడే. నేలలో బిగుతుగా ఉన్న రాయి పగిలి బయటికొచ్చాక ముక్కల మధ్య ఖాళీలు చేరి ఉబ్బుతుంది. మట్టైతే పావు వంతు వరకు పెరుగుతుంది. బండ దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కూడా.

ఒక గుంత అనుకుందాం. పొడవు 30 అడుగులు, వెడల్పు 25 అడుగులు, బండ లోతు 4 అడుగులు. నేలలో అది 3,000 ఘనపుటడుగులు. బయటికొచ్చేసరికి 4,500. సగటున ఐదడుగుల ఎత్తున పోసినా ఆ గుట్టకు 900 చదరపు అడుగుల జాగా కావాలి. గుంత వైశాల్యం 750 మాత్రమే! అంటే తవ్విన చోటు కంటే పోసే చోటే పెద్దది.

బరువు సంగతి కూడా చూడండి. గ్రానైట్ లాంటి గట్టి రాయి ఒక ఘనపుటడుగు దాదాపు 75 కిలోలు ఉంటుంది. పై గుంతలోంచి వచ్చేది 225 టన్నులు. అడుగు అడుగున్నర ముక్కను చూసి "ఇద్దరం పట్టుకుంటే లేస్తుందిలే" అనుకుంటాం. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న ముక్కే ఒక మనిషంత బరువు. మీటరు వ్యాసమున్న గుండ్రటి గుండైతే 1.4 టన్నులు. నడుము పట్టేసి వారం మంచాన పడ్డాక నాకు ఈ లెక్కలు బాగా గుర్తున్నాయి.

3. ఏ రకం రాయో తెలుసుకోండి

ల్యాబుకు వెళ్లేలోపు చేతిలో చేయగలిగిన పరీక్షలు నాలుగున్నాయి.

సుత్తితో కొట్టండి. గట్టి రాయి గంటలా ఖంగుమంటుంది. పగుళ్లున్నదీ లోపల కుళ్లినదీ డొప్ అంటుంది. రెండు రోజుల్లో మీ చెవికి అలవాటైపోతుంది.

మేకుతో గీయండి. మేకు రాయిని గీస్తే అది మెత్తన, రాయే మేకును అరగదీస్తే గట్టిది.

కొంచెం వెనిగర్ చుక్క వేయండి. నురగ వస్తే సున్నపురాయి జాతి. గట్టిదైతే గోడలకు పనికొస్తుంది, కానీ ఆమ్లం తగిలేచోట వద్దు.

చివరిదే నా దృష్టిలో ముఖ్యమైనది. నాలుగు ముక్కలు ఎండలో బాగా ఎండబెట్టి బకెట్ నీళ్లలో వేసి ఒక రోజు వదిలేయండి. మర్నాడు నీళ్లు తేటగా ఉండి ముక్కలు అలాగే ఉంటే మంచిదే. పొరలు పొరలుగా విడిపోయినా, అడుగున బురద చేరినా ఆ రాయి దేని కిందా వేయడానికి పనికిరాదు. ఆకు పొరల్లా ఉండే షేల్ రాయి ఎక్కువగా ఇలా చేస్తుంది. గుంతలోంచి తీసినప్పుడు ఇనుములా ఉంటుంది, ఒక వర్షానికి మట్టైపోతుంది.

రాతిలో బంగారు రంగు మెరుపులు కనిపిస్తే సంబరపడకండి. అది ఇనుము, గంధకం కలిసిన పైరైట్ అనే ఖనిజం కావచ్చు. గాలి, తేమ తగిలితే పైరైట్ ఆమ్లంగా మారుతుంది, ఆ ఆమ్లం పక్కనున్న కాల్షియంతో కలిసి జిప్సం తయారవుతుంది, జిప్సం ఉబ్బుతుంది. ఐర్లాండ్‌లో ఇలాంటి రాయిని ఫ్లోరింగ్ కింద నింపిన ఇళ్లలో నేలలు పైకి లేచి, గోడలు చీలి, మొత్తం తవ్వి మార్చాల్సి వచ్చింది. అనుమానముంటే నేల కింద వేసే ముందు పరీక్ష చేయించండి.

4. పగలగొట్టేటప్పుడే సైజు చెప్పండి

బ్రేకర్, అంటే బండికి తగిలించే రాయి కొట్టే సుత్తి, నడిపే డ్రైవర్‌కు మీరేమీ చెప్పకపోతే బకెట్‌లో పట్టే సైజుకు కొట్టేస్తాడు. గోడకు పనికొచ్చే చదును ముక్కలు కూడా పిండైపోతాయి. నాలుగు రకాల ముక్కలు పక్కన పెట్టి చూపించండి: "ఇవి ఇలాగే ఉండాలి, ఇంతకంటే చిన్నవి చేయొద్దు." బండలో సహజంగా ఉండే పొరలూ చీలికలూ చూసి, వాటి వెంట కొడితే చదును ముఖాలు వస్తాయి. అడ్డంగా కొడితే కంకర వస్తుంది.

పక్కిల్లు దగ్గరగా ఉంటే బ్రేకర్ ఆన్ చేసే ముందే వాళ్ల గోడలకు, ప్లాస్టరింగుకు తేదీతో ఫోటోలు తీయండి. వాళ్లను కూడా పిలిచి వాళ్ల ఎదురుగానే తీయండి. పాత పగులు ఏదో, కొత్త పగులు ఏదో తర్వాత తేల్చడం ఎవరి తరమూ కాదు.

అదురు అస్సలు ఉండకూడదంటే రెండు దారులున్నాయి. ఒకటి పాత పద్ధతి: వరుసగా జానెడు దూరంలో రంధ్రాలు వేసి, ఒక్కోదానిలో రెండు ఇనుప రేకులు, మధ్యలో కొస సన్నగా ఉండే లావుపాటి ఇనుప మేకు పెట్టి వరుసగా ఒక్కో దెబ్బ కొట్టుకుంటూ పోవడం. ఒకే మేకును దంచకూడదు. అన్నింటినీ సమానంగా బిగిస్తూ పోతే దెబ్బ దెబ్బకూ చప్పుడు సన్నబడి పైస్థాయికి పోతుంది. అప్పుడు సుత్తి కింద పెట్టి రెండు నిమిషాలు ఆగాలి. ఏమీ చేయకుండానే టిక్కుమని చిన్న శబ్దం వస్తుంది, రంధ్రం నుంచి రంధ్రానికి వెంట్రుకంత గీత పాకుతుంది. బండ రొట్టెలా రెండుగా విడిపోతుంది. చూసి తీరాల్సిన పని అది.

రెండోది ఉబ్బే పౌడర్. సున్నం ఆధారంగా చేసే ఈ పౌడర్‌ను నీళ్లతో కలిపి రంధ్రాల్లో పోస్తే ఒకటి రెండు రోజుల్లో ఉబ్బి బండను చీలుస్తుంది. వాతావరణం వేడిని బట్టి రకాలుంటాయి, మీ రోజుకు సరిపోయేదే కొనండి. ఎండాకాలంలో చలికాలం రకం వాడితే రంధ్రంలోంచి ఒక్కసారిగా పైకి చిమ్ముతుంది. పోశాక వంగి రంధ్రంలోకి చూడొద్దు. కళ్లద్దాలు, గ్లవ్స్ తప్పనిసరి, అది కంట్లో పడితే కాల్చేస్తుంది.

పేలుడు పదార్థాల జోలికి మీరు గానీ మీ మేస్త్రి గానీ పోవద్దు. అది లైసెన్సు ఉన్నవాళ్ల పని. మంట పెట్టి నీళ్లు పోసి పగలగొట్టే పద్ధతీ వద్దు, తేమ ఉన్న రాయి పేలి ముక్కలు ఎగురుతాయి.

ఇంకో మాట. గ్రానైట్, ఇసుకరాయి లాంటివి కోసినా, డ్రిల్లు చేసినా వచ్చే తెల్ల దుమ్ములో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు. నీళ్లు కొడుతూ కోయించండి, ఎన్95 స్థాయికి తగ్గని మాస్కు పెట్టించండి. మూతికి తువాలు చుట్టుకుంటే ఆ దుమ్ము ఆగదు.

5. నాలుగు గుట్టలు

పైన ఉన్న సారవంతమైన మట్టిని, అంటే ఓ అర అడుగు పొరను, అన్నిటికంటే ముందు గీకించి దూరంగా వేయించండి. రేపు మొక్కలకు అదే కావాలి. దాని మీద రాళ్లు పోస్తే మళ్లీ దొరకదు.

తర్వాత రాయిని నాలుగుగా వేరుచేయండి. చదును ముఖమున్న పెద్ద ముక్కలు గోడకు. పిడికిలి నుంచి తలకాయంత సైజువి సోలింగ్‌కు, అంటే ఫ్లోరింగ్ కింద పేర్చే రాతి పొరకు, ఇంకుడు గుంతకు. రెండు అంగుళాల లోపు చిప్పలు గోడ వెనకకు, సందులు నింపడానికి. మిగిలిన మట్టి, పొడి ఒక పక్కకు. చేత్తో ఏరించాల్సిన పనిలేదు. పాత కడ్డీలను నాలుగు అంగుళాల ఎడంతో వెల్డింగ్ చేయించి ఏటవాలుగా నిలబెట్టండి. బకెట్ దాని మీద ఒంపితే చిన్నవి కిందికి జారిపోతాయి, పెద్దవి ముందుకు దొర్లుతాయి.

ఏ గుట్టైనా గుంత అంచుకు దూరంగా ఉండాలి. కనీసం రెండడుగులు అంటారు. నన్నడిగితే గుంత ఎంత లోతో అంత దూరం. పోసే ముందు ఇంటి ప్లాను కాగితం మీద సెప్టిక్ ట్యాంకు, సంపు, బోరు, డ్రైనేజీ పైపులు, సామాను లారీ వచ్చే దారి గీసుకోండి. అవి లేని చోటే గుట్ట. నేను చేయనిది ఈ ఒక్క పనే.

6. ఎక్కడెక్కడ వాడాలి

ఫ్లోరింగ్ కింద సోలింగ్. అర అడుగు నుంచి ముప్పావు అడుగు రాళ్లను వెడల్పు వైపు కిందికి ఉండేలా చేత్తో నిలబెట్టి పేర్చాలి, సందుల్లో చిప్పలు దిగ్గొట్టాలి, పైన సన్న కంకర చల్లి నీళ్లు కొట్టి రోలర్ తిప్పాలి. ట్రిప్పు తెచ్చి గుమ్మరించి చదును చేస్తే అది సోలింగ్ అనిపించుకోదు. రెండేళ్లకు టైల్స్ కింద డొల్ల చప్పుడు వస్తుంది.

బండి వచ్చే దారికి కూడా ఇదే. ఇక్కడ కోణాలున్న ముక్కలే వాడండి, ఒకదానికొకటి పట్టుకుంటాయి. నున్నటి గుండ్రాళ్లు చక్రం కింద దొర్లుతూనే ఉంటాయి.

ఇంకుడు గుంతకు మట్టి అంటని, కడిగిన రాళ్లు. అడుగున పెద్దవి, పైకి పోయేకొద్దీ చిన్నవి, అన్నిటికంటే పైన ఇసుక.

వాలు నేలలో మట్టి జారకుండా కట్టే రాతిగోడే ఈ రాయికి అన్నిటికన్నా మంచి ఉపయోగం. సిమెంటు లేకుండా ఉత్త రాళ్లతో కట్టే గోడ నాకు ఎక్కువ ఇష్టం. నీళ్లు దానంతట అవే బయటికి పోతాయి కాబట్టి వెనక ఒత్తిడి చేరదు. నాలుగడుగుల లోపైతే ఓపికుంటే మీరే కట్టుకోవచ్చు. అంతకు మించితే, లేదా గోడ పైన బండి నిలిపేట్టయితే, ఇంజనీరు డిజైన్ కావాల్సిందే.

గోడ కింది భాగం వెడల్పు ఎత్తులో సగానికి తగ్గకూడదు. నాలుగడుగుల గోడకు రెండడుగులు, రెండున్నరైతే నిశ్చింత. ముందు అడుగు లోతు కాలువ తవ్వి, అన్నిటికంటే పెద్ద రాళ్లను అందులోనే వేయండి. వాటిని పైకెత్తే బాధ తప్పుతుంది, గోడకు బలం. గోడ ముందు ముఖం మట్టి వైపుకు వాలాలి, అడుగు ఎత్తుకు రెండు అంగుళాల చొప్పున. ఆ వాలుకు తగ్గట్టు రెండు చివర్లా కర్రలు పాతి దారం కట్టుకోండి, కంటితో అంచనా వేయొద్దు.

రాయి పొడవు గోడ లోపలికి పోవాలి. చూడటానికి బాగుంటుందని పొడవు వైపును బయటికి పెడితే గోడ ముఖం పొరలా ఊడి వస్తుంది. ప్రతి రాయీ కింద రెండు రాళ్ల మీద కూర్చోవాలి, నిలువు సందు మీద మళ్లీ నిలువు సందు రాకూడదు. సగం ఎత్తుకు వచ్చాక మూడడుగులకొకటి చొప్పున గోడ మందమంతా పట్టే పొడవాటి రాయి వేయండి. లోపలి ఖాళీల్లో చిప్పలను పారతో పోయకుండా ఒక్కోటి చేత్తో ఇరికించాలి. పెట్టిన రాయి మీద కాలు వేసి ఊపి చూడండి. కదిలితే ముందు నుంచి చిప్ప పెట్టి సరిపెట్టకండి, అది వర్షాలకు జారి ఊడిపోతుంది. రాయి తీసి తిప్పి పెట్టండి, లేదా వెనక నుంచి బిగించండి. మొదటి రోజు నాలుగడుగుల పొడవు కూడా సాగదు. మూడో రోజుకు చెయ్యి దానంతటదే సరైన రాయి వైపు పోతుంది.

గోడ లేస్తుండగానే వెనక అడుగు మందాన చిప్పలు నింపుతూ పోవాలి. చివర్లో నింపుదామంటే కుదరదు. చిప్పలకూ మట్టికీ మధ్య జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని వదిలి మట్టిని ఆపేది) వేస్తే సన్న మట్టి వచ్చి సందులు పూడ్చదు.

అంత ఓపిక లేకపోతే గేబియన్, అంటే ఇనుప వైరు బుట్టలు. బుట్ట కన్నం కంటే పెద్దవి, నాలుగు నుంచి ఎనిమిది అంగుళాల రాళ్లు కావాలి. మూడు విడతలుగా నింపుతూ, విడత విడతకూ ముందు వైరుకూ వెనక వైరుకూ అడ్డంగా తీగ కట్టాలి. కట్టకపోతే పొట్ట ముందుకొస్తుంది.

7. వాడకూడని చోట్లు

గోడల పక్కన గుంత పూడ్చేటప్పుడు పెద్ద రాళ్లు వేయకండి. మధ్యలో ఖాళీలు మిగిలి, వర్షాలకు మట్టి అందులోకి జారి, ఏడాదికి ఇంటి చుట్టూ నేల కుంగుతుంది. అర అడుగు పొరలుగా వేసి దిమ్మిస కొట్టాలి, ఏ రాయీ పొర మందంలో మూడింట రెండు వంతులు దాటకూడదు. పైపుల కింద, చుట్టూ, పైన అర అడుగు ఇసుక తప్ప రాయన్నది తగలొద్దు. వాటర్‌ప్రూఫింగ్ చేసిన గోడకు మొనదేలిన ముక్కలు ఆనకూడదు.

బండను తొలిచిన గుంత తొట్టి లాంటిదని కూడా గుర్తుంచుకోండి. మట్టి గుంతలో నీరు ఇంకుతుంది, ఇందులో నిలుస్తుంది. చుట్టూ పూడ్చే ముందే అడుగున చిల్లుల పైపు వేసి, నీరు బయటికి పోయే దారి చూడాలి.

మీ రాయినే కంకర కొట్టించి స్లాబుకూ పిల్లర్లకూ వాడదామన్న ఆశ చాలామందికి పుడుతుంది. వద్దు. సైజులు సరిగా కలవవు, మట్టి అంటి ఉంటుంది, కుళ్లిన ముక్కలు కలుస్తాయి. ల్యాబు రిపోర్టు లేకుండా ఇంటి బరువు మోసే కాంక్రీటులో వేయకూడదు.

8. మిగిలింది

లెక్క వేసుకుంటే తెలుస్తుంది. పైన చెప్పిన 750 చదరపు అడుగుల ఇంటికి ముప్పావు అడుగు సోలింగ్ 560 ఘనపుటడుగులు తింటుంది. 60 అడుగుల గోడ 420. ఇంకుడు గుంత 200. దారి 300. అన్నీ కలిపితే 1,500 లోపే. వచ్చింది 4,500. మూడింట రెండు వంతులు బయటికి పోవాల్సిందే. మొదటి ప్రశ్న మీద అంతసేపు ఆగింది ఇందుకే.

కాబట్టి తవ్వకం మొదలవ్వకముందే తీసుకునేవాళ్లను వెతకండి. పల్లపు స్థలం నింపుకునేవాళ్లు, గోడ కట్టుకుంటున్నవాళ్లు, క్రషర్ వాళ్లు. వేరుచేసిన శుభ్రమైన రాయికి అడిగేవాళ్లుంటారు, మట్టి కలిసిన గుట్టకు ఎదురు డబ్బులు అడుగుతారు. బండి మీ దగ్గర ఉన్న రోజే లారీ రావాలి, గుంతలోంచి నేరుగా లారీలోకే ఎత్తాలి. రాయి బరువు కాబట్టి లారీ అంచుల దాకా నింపనివ్వకండి, చక్రాల కింద రోడ్డూ మీ గేటూ రెండూ పోతాయి. స్థలంలోంచి రాయి బయటికి తరలించడానికి చాలా చోట్ల అనుమతి కావాలి, అమ్మితే రుసుము కూడా ఉండొచ్చు. అది ముందే కనుక్కోండి. కాలువలో, చెరువులో, పక్కవాళ్ల ఖాళీ స్థలంలో పోయించకండి.

జేసీబీని పంపేసే ముందు ఇంకొక్క పని. కదపలేని రెండు మూడు పెద్ద గుండ్లను అరుగుగానో, చెట్టు కింద కూర్చునే బండగానో ఎక్కడ కావాలో అక్కడ పెట్టించుకోండి, మూడో వంతు నేలలో కూరేలా. బండి గేటు దాటాక అవి ఉన్న చోటే ఉంటాయి. మా ఇంట్లో ఒకటి సరిగ్గా మోటార్ స్విచ్ బోర్డు ముందు ఉండిపోయింది. రోజూ పొద్దున్నే దాన్ని చుట్టి వెళ్లి మోటారు వేస్తున్నాం.